కటకటాలకు వేసిన రంగు ఎందుకు నిలవదు?

సంక్రాంతికి ముందు మన ఊళ్లలో గోడల సున్నంతో పాటే గేటుకీ, కిటికీ గ్రిల్లుకీ, మేడమెట్ల రెయిలింగుకీ రంగు పడుతుంది. గోడ మీది రంగును మూడు నాలుగేళ్ల పాటు పట్టించుకోనక్కర్లేదు. ఇనుము మీది రంగు అలా కాదు. ఆ ఏటి వానలు తగ్గేసరికి ఊచల అడుగున పొక్కులు లేస్తాయి, బాల్కనీ అంచు కింద తెల్ల గోడ మీద ఎర్రటి చారలు దిగుతాయి. అప్పుడు ఇంట్లో మొదలయ్యే వాదన ఎప్పుడూ ఒకటే. ఏ కంపెనీ రంగు తెచ్చాం, డబ్బా నకిలీదేమో, పెయింటరు అందులో కిరసనాయిలు కలిపాడేమో అని. వీటిలో ఏదో ఒకటి నిజమే కావచ్చు. కానీ ఇనుము మీద రంగు చెడిందంటే తప్పు చాలాసార్లు డబ్బా మూత తీయకముందే జరిగిపోయి ఉంటుంది. రంగు గురించి ఎంత రాసినా చివరికి అడుగున ఏముందన్న దగ్గరికే రావాలి.

ముందు ఆ ఇనుము సంగతి. మన ఇళ్లలో రాట్ ఐరన్ అని చెప్పి అమ్మేది నూటికి తొంభై పాళ్లు మైల్డ్ స్టీలే. అసలైన రాట్ ఐరన్ కార్బన్ దాదాపు లేని ఇనుము. లోపల చిట్టెం సన్నటి పోగుల్లా సాగి ఉంటుంది, సుత్తి దెబ్బలకు ఎటు వంచితే అటు వంగుతుంది. ఇంగ్లండులో హెన్రీ కోర్ట్ 1784లో కనిపెట్టిన పద్ధతి దాన్ని టన్నులకొద్దీ తయారుచేసే దారి చూపింది. ఉక్కు చవకయ్యాక గిరాకీ పోయి, బోల్టన్‌లో మిగిలిన చివరి కార్ఖానా కూడా 1970లలో మూతపడింది. తీగలు, వంపులు తిప్పిన డిజైను చూసి మన వెల్డింగ్ షాపులు ఆ పేరు నిలబెట్టుకున్నాయి, అంతే. పాత జమీందారీ మేడల్లో, నిజాం కాలపు బంగళాల్లో పూలు, ఆకులు ఉబ్బెత్తుగా కనబడే కటకటాలు మాత్రం పోత ఇనుము. వాటి మీద పెచ్చులు రాల్చడానికి సుత్తి వాడితే ఊచే విరుగుతుంది. కాబట్టి రంగు ఆలోచనకు ముందు ఇంట్లో ఉన్నది ఏ ఇనుమో చూసుకోవాలి. గట్టి ఊచా, డొల్ల పైపా, జింకు పూత ఉన్న జీఐ పైపా అన్నదీ తేల్చుకోవాలి. వీటికి వైద్యం ఒకటి కాదు.

నిజమైన రాట్ ఐరన్‌కు ప్రపంచంలో పెద్ద సాక్ష్యం పారిస్‌లోని ఈఫిల్ టవరు. 1889లో నిలబెట్టిన ఆ గోపురానికి ఇప్పటికీ సుమారు ఏడేళ్లకోసారి రంగు వేస్తున్నారు. ఒక్కో విడతకు 60 టన్నుల దాకా రంగు పడుతుంది, అదీ బ్రష్షులతో, మనుషుల చేత్తో. కట్టినవాడే ఆ గోపురం ఆయుష్షంతా రంగులోనే ఉందని గట్టిగా నమ్మాడు. మన బాల్కనీకి అంత హంగామా అక్కర్లేదు గానీ సూత్రం అదే. ఇనుముకు రంగు ఒకసారి వేసి మరిచిపోయేది కాదు.

తుప్పు పట్టడానికి నీరూ ప్రాణవాయువూ రెండూ కావాలి. గాలిలో తేమ 60 శాతం దాటితే చాలు, వాన పడకపోయినా కంటికి కనబడని నీటి పొర ఇనుము మీద పేరుకుంటుంది. ఉప్పు తోడైతే అంతకన్నా తక్కువ తేమలోనే పని మొదలవుతుంది. ఐఎస్‌ఓ 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం ఈ తేడాను లెక్కకట్టింది. పెద్దగా కాలుష్యం లేని పొడి ప్రాంతంలో ఏ పూతా లేని ఉక్కు మొదటి ఏడాదిలో 25 మైక్రాన్ల లోపు తరుగుతుంది. ఉప్పు గాలి బాగా తగిలే తీరంలో 80 నుంచి 200 మైక్రాన్ల దాకా పోతుంది. ఇప్పుడు గ్రిల్లులకు వాడే డొల్ల పైపు గోడ మందం చాలాచోట్ల 1.2 మిల్లీమీటర్లే. 200 మైక్రాన్లంటే అందులో ఆరో వంతు, ఒక్క ఏడాదిలో. రెండు కోట్లు వేసిన ఎనామిల్ ఆరాక మందం 50, 60 మైక్రాన్లు ఉంటే గొప్ప. అనంతపురంలో పదేళ్లు నిలిచిన గ్రిల్లు విశాఖ బీచ్ రోడ్డు పక్కన మూడేళ్లకే పెచ్చులూడితే రంగు కంపెనీని తిట్టి లాభం లేదు.

రంగు ఎక్కడ చెడిందో దగ్గరగా చూస్తే కారణం దానంతటదే చెబుతుంది. పొక్కిన చోట మేకు మొనతో గుచ్చి పొరను జాగ్రత్తగా లేపి, దాని వెనకవైపు చూడండి. వెనక ఎర్రటి పొడి అంటుకుని వస్తే తుప్పు మీదే రంగు కొట్టారని అర్థం. వెనక ఎర్రపొడి లేకుండా నీలినలుపు మెరుపు అంటుకుని వస్తే అది కొత్త ఉక్కు మీద కార్ఖానా నుంచే వచ్చే పొర. దాన్ని తీయకుండా ప్రైమర్ వేశారు, ఇప్పుడు ఆ పొరే రంగును మోసుకుని ఊడి వస్తోంది. తెల్లటి బూడిదరంగు లోహం కనబడి రంగు అరటిపట్టలా లేచి వస్తే అది జీఐ పైపు. కొత్త రంగు ఒక్కటే ఊడి, అడుగున పాత రంగు నిగనిగలాడుతూ ఉంటే పాత నునుపు మీద ఉప్పు కాగితం పట్టకుండానే బ్రష్షు పెట్టారన్నమాట. కంపెనీ మారిస్తే బాగుపడేది వీటిలో ఒక్కటీ లేదు.

తుప్పు ఎప్పుడూ కొన్ని చోట్లే మొదలవుతుంది. ఊచలు కింది పట్టీని కలిసే మూల, వెల్డింగు అతుకు, ఏసీ నీళ్లు బొట్లుగా పడే చోటు, తడిబట్టలు ఆరేసే పై కమ్మీ, తులసి కుండీ ఆనించిన పక్క. అన్నిటికన్నా ప్రమాదం రెయిలింగు కాలు స్లాబులోకి దిగే చోట. సిమెంటుకూ ఇనుముకూ మధ్య సన్నటి సందు ఉంటుంది, వాన నీరు అందులో నిలుస్తుంది. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా రెండు మూడింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఆ ఉబ్బుకు స్లాబు అంచే పగులుతుంది. అక్కడ కాలును గట్టిగా ఊపి చూడాలి. కదిలితే పెయింటరును కాదు, ముందు వెల్డరును పిలవాలి. పిల్లలు ఆనుకునే రెయిలింగు విషయంలో అందం తర్వాతి మాట. డొల్ల పైపును స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూసినా తెలుస్తుంది. మిగతా చోట గణగణమన్నది ఒకచోట మొద్దుగా మోగితే లోపలి నుంచి తినేసిందన్నమాట. పైనుంచి ఎన్ని కోట్లు వేసినా లోపలి తుప్పు ఆగదు, ఆ ముక్క కోసి కొత్తది అతకాల్సిందే.

ఇక అసలు వాదన. పాత రంగంతా గీకెయ్యాలా, చెడిన చోట మాత్రమే బాగుచేసుకోవాలా? పుస్తకాలు ఇసుక పిచికారీతో లోహం తెల్లబడేదాకా శుభ్రం చేయమంటాయి. వంతెనలకు, ఓడలకు అది సరి. ఇంట్లో అది కుదరదు, అవసరమూ లేదు. గట్టిగా పట్టుకుని ఉన్న పాత రంగు మంచి అడుగుపొరే. దాన్ని కష్టపడి తీసి మళ్లీ అలాంటిదే వేయడం డబ్బు దండగ. గోరుతో, స్క్రాపరుతో కదిలేదంతా తీసెయ్యాలి, కదలనిదాన్ని గరుకు చేసి వదిలెయ్యాలి, రెండింటి మధ్య మెట్టులా ఉన్న అంచును వేలికి తగలనంతగా అరగదియ్యాలి. ఏటేటా పండక్కి కోటు మీద కోటు వేసి, చిన్న చిన్న పూల డిజైను ముద్దగా మారిపోయిన గేట్లుంటాయి చూడండి, అక్కడ మాత్రం మొత్తం తీయడం మేలు. అంత మందం ఎండకూ చలికీ పగుళ్లిచ్చి తనంతట తనే ఊడుతుంది.

వైర్ బ్రష్షును అతిగా నమ్మకండి. దానితో రుద్దితే తుప్పు పోదు, మెరుగెక్కుతుంది. గోధుమరంగు మెరుపు చూసి లోహం బయటపడిందని పొరబడతారు. ముందు స్క్రాపరు, తర్వాత వైర్ బ్రష్షు, ఆపైన 80 నంబరు ఉప్పు కాగితం, చివర 120 నంబరు. కింది పట్టీ వెనక పక్కకు చెయ్యి పట్టదు కాబట్టి కాగితాన్ని పట్టీలా చింపి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగాలి. గ్రైండరుకు వైర్ కప్పు తగిలించుకుంటే పని చిటికెలో అవుతుంది గానీ తెగిన తీగ ముక్కలు సూదుల్లా ఎగురుతాయి. కళ్లద్దాలు లేకుండా దాని జోలికి పోవద్దు. తీరంలో ఉన్నవాళ్లు రుద్దడానికి ముందే మంచినీళ్లతో కడిగి ఆరనివ్వాలి. ఉప్పును కాగితంతో రుద్దితే గుంతల్లోకి ఇంకా లోతుగా దూరుతుంది. బాత్రూము కడిగే యాసిడ్‌తో తుప్పు పోగొడతామనే మేస్త్రీలున్నారు. తుప్పు పోయిన మాట నిజమే, కానీ అతుకుల సందుల్లో మిగిలిపోయే క్లోరైడు పుండు మీద కారం లాంటిది. నెల తిరక్కుండా అదే చోట రెట్టింపు తుప్పు లేస్తుంది.

పాత ఇళ్లలో ఇంకో జాగ్రత్త ఉంది. ఒకప్పుడు ఇనుముకు వేసే ఎర్ర ప్రైమర్ రెడ్ లెడ్, అంటే సీసపు సిందూరం. పసుపు, నారింజ ఎనామిళ్లలోనూ సీసం ఉండేది. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించకూడదని మన ప్రభుత్వం 2016 నవంబరులో నిబంధన తెచ్చింది, ఏడాది తర్వాత అది అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో ఏముందో ఎవరూ భరోసా ఇవ్వలేరు. కాబట్టి పొడిగా రుద్ది దుమ్ము లేపకుండా నీళ్లు పట్టే కాగితంతో తడిపి రుద్దాలి, మాస్కు పెట్టుకోవాలి, కింద పాత ప్లాస్టిక్ షీటు పరచి రాలిన పెచ్చుల్ని మూటకట్టి పారెయ్యాలి. పసిపిల్లలను, గర్భిణులను ఆ దరిదాపులకు రానివ్వకూడదు. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇల్లు కొనే మనవాళ్లకు ఈ హెచ్చరిక అమ్మకపు కాగితాలతో పాటే చేతికిస్తారు. ఇక్కడ ఎవరికి వారే గుర్తుపెట్టుకోవాలి.

రస్ట్ కన్వర్టర్ అనే సీసా ఇప్పుడు ప్రతి హార్డ్‌వేర్ షాపులోనూ కనబడుతోంది. రాస్తే తుప్పు నల్లబడుతుంది. చాలామందికి అది మాయలా తోస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ చూసినవాళ్లకు మాత్రం ఆ నలుపు పాత చుట్టమే. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన రసంతో, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీత గీస్తే నల్లగా తేలుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి గట్టి నల్ల రంగుగా మారడమే అక్కడ జరిగేది. సీసాలోనూ టానిక్ ఆమ్లమో, ఫాస్ఫారిక్ ఆమ్లమో, రెండూ కలిసో ఉంటాయి. నా అంచనాలో అది పనికొచ్చే సరుకే, కానీ దాని చోటు చిన్నది. బాగా గీకాక గుంతల్లో, అతుకుల మూలల్లో మిగిలిన పలచటి తుప్పును అది కట్టేస్తుంది. పెచ్చులు పెచ్చులుగా ఉన్న తుప్పు మీద పోస్తే పై పొర నల్లబడి, అడుగుది యథాప్రకారం తింటూనే ఉంటుంది. గీకుడు తప్పించుకోవడానికి దాన్ని కొనేవాళ్లు డబ్బు పోగొట్టుకుంటారు.

ప్రైమర్ దగ్గర మనవాళ్ల నమ్మకమంతా రెడ్ ఆక్సైడ్ మీదే. ఆ ఎరుపు కూడా ఐరన్ ఆక్సైడే, దానికదిగా తుప్పును ఆపే గుణం ఏమీ లేదు. ఆపేది అందులో కలిపే జింకు పదార్థం. రెడ్ ఆక్సైడ్, జింక్ క్రోమ్ కలిసిన ప్రైమర్‌కు ఐఎస్ 2074 అనే ప్రమాణం ఉంది. క్రోమేటు క్యాన్సరు కారకమని తేలాక దాని స్థానంలో జింక్ ఫాస్ఫేట్ రకం వచ్చింది. ఇంటి పనికి నేను దాన్నే ఎంచుకోమంటాను. డబ్బా మీద ఏ పేరూ, ఏ నంబరూ లేకుండా విడిగా అమ్మే ఎర్ర నీళ్లు ఎంత చవకైనా కొనకండి.

దీనికి తోడు వెల్డింగ్ షాపు రెడ్ ఆక్సైడ్ అని ఒకటుంది. అసలు కీడు చాలామటుకు అక్కడే పుడుతుంది. కొత్త గ్రిల్లు ఇంటికి వచ్చేసరికే ఎర్రగా ఉంటుంది, యజమాని ప్రైమర్ అయిపోయిందనుకుంటాడు. నిజానికి వెల్డింగు చిట్టెం, నీలినలుపు పొర, నూనె జిడ్డు, రోడ్డు దుమ్ము, అన్నిటి మీదా కలిపి ఒక్క పలచటి పిచికారీ కొట్టి పంపుతారు. ఆ తర్వాత అది ఇల్లు పూర్తయ్యేదాకా వారాలకొద్దీ ఎండకు ఎండి వానకు తడుస్తుంది, పైన సిమెంటు చిమ్మిన మరకలు పడతాయి. పెయింటరు ఆఖర్న వచ్చి దాని మీదే ఎనామిల్ లాగించేస్తాడు. కొత్త గ్రిల్లు చేయించుకునేవాళ్లు ఎర్ర రంగు కొట్టకుండానే ఇమ్మని అడగడం మంచిది. వెల్డింగు ముక్కలు రాల్చి, అతుకులు గ్రైండు చేసి, ఇంటి దగ్గరే అదే రోజు ప్రైమర్ వేయించుకోవచ్చు. జీఐ పైపయితే మామూలు రెడ్ ఆక్సైడ్, ఎనామిల్ జోడీ అసలే పనికిరాదు. ఎనామిల్లోని నూనె జింకుతో కలిసి సబ్బులా మారి పట్టు వదిలేస్తుంది. దానికి ఎచ్ ప్రైమరో, జింకు మీద పట్టుకునే ఎపాక్సీ ప్రైమరో కావాలి.

పై రంగుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బయటి ఇనుముకు సింథటిక్ ఎనామిల్ ఇప్పటికీ సరైన సరుకే. చవక, చెడిన చోట అతుకు వేసుకోవడం తేలిక. రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ఎంత గట్టిదైనా ఎండకు పొడిబారుతుంది, అందుకని పైన పీయూ (పాలీయురేథేన్) కోటు తప్పదు. పాత ఎనామిల్ మీద ఎపాక్సీ వేస్తే అడుగుది ఉబ్బి ముడతలు పడుతుంది. సముద్రం పక్కన, లోహం దాకా తీసిన గ్రిల్లుకయితే ఆ ఖర్చు పెట్టండి, లేకపోతే వద్దు. చవకని తారుతో చేసే బ్లాక్ జపాన్ పూసినవాళ్లు తర్వాత దాని మీద లేత రంగు వేస్తే తారు మరక పైకి తేలుతుంది. తెలుపు, క్రీము రంగుల మీద తుప్పు తొందరగా బయటపడుతుందని జంకుతారు గానీ, తొందరగా కనబడటం లాభమే కదా. ఎనామిల్‌ను పలచన చేయాలంటే మినరల్ టర్పెంటైన్ ఒక్కటే. కిరసనాయిలు కలిపితే ఆరడం ఆలస్యమై మెరుపు చస్తుంది. ఎన్‌సీ థిన్నరు వేరే జాతి (నైట్రోసెల్యులోజ్) రంగులది, ఎనామిల్‌కు కాదు.

ఊచలకు స్ప్రే గన్ వాడకండి. సందుల్లోంచి పోయేదే ఎక్కువ, పక్కింటివాళ్ల కారు మీద చుక్కలు పడితే అదో తగవు. అంగుళం, అంగుళమున్నర బ్రష్షు చాలు. ఒక్క పని మాత్రం మన పెయింటర్లలో చాలామంది చెయ్యరు. రంగు ఆరేటప్పుడు పదును అంచుల మీద నుంచి జారి పలచబడుతుంది కాబట్టి తుప్పు మొదట అంచునే పట్టుకుంటుంది. అందుకని ప్రైమర్ వేశాక, మొత్తం కోటుకు ముందు, అంచులకూ అతుకులకూ కాలు మొదళ్లకూ విడిగా ఒక చేయి వేయాలి. దీనికి పట్టే రంగు పావుకప్పు కూడా ఉండదు.

రంగు ఎంత పడుతుందో లెక్క వేస్తే ఖర్చు ఎటు పోతోందో తెలుస్తుంది. మూడు మీటర్ల పొడవు, మీటరు ఎత్తు బాల్కనీ అనుకోండి. 10 సెంటీమీటర్లకో 12 మిల్లీమీటర్ల చదరపు ఊచ, పైనా కిందా ఒక్కో పట్టీ. మొత్తం ఉపరితలం రెండు చదరపు మీటర్లే. లీటరుకు 10 చదరపు మీటర్ల చొప్పున ఒక కోటుకు 200 మిల్లీలీటర్లు, రెండు కోట్లకు అర లీటరు తెస్తే కొంచెం మిగులుతుంది కూడా. కానీ ఊచలూ పట్టీలూ కలిపి పొడవు 36 మీటర్లు, నాలుగు పక్కలా రుద్దాలంటే సుమారు 140 మీటర్లు. పెయింటరుకు మనం కూలి కట్టేది మాత్రం పొడవు ఇంటూ ఎత్తు లెక్కన చదరపు అడుగులకు. ఆ లెక్కలో నాలుగు పక్కల గీకుడుకు విడిగా పైసా లేదు. అతడు గబగబా బ్రష్షు తిప్పి వెళ్లిపోయాడంటే తప్పు అతడిది ఒక్కడిదే కాదు.

కాలం విషయంలో మన ఆనవాయితీతో కొంచెం పేచీ పెట్టుకోక తప్పదు. నెల్లూరు, ప్రకాశం వైపు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా పడతాయి. ధనుర్మాసం పొద్దుల్లో ఇనుము ముట్టుకుంటే ఎక్కడైనా తడిగానే ఉంటుంది. పండక్కి ముందు హడావుడిగా వేసిన రంగు ఆ మంచు మీదే పడుతుంది. గోడలు పండక్కి వేయించుకోండి, ఇనుమును పండగ వెళ్లాక జనవరి చివరి నుంచి మార్చి దాకా పెట్టుకోండి. పొద్దెక్కి, చేత్తో తుడిస్తే తడి తగలనప్పుడు మొదలుపెట్టి, మూడున్నర నాలుగింటికి ఆపాలి. సాయంత్రపు తేమ తగిలితే ఎనామిల్ మెరుపు మసకబారుతుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో కాలిన ఊచ మీద రంగు పైపొర వెంటనే ఆరి లోపల పచ్చిగా ఉండి ముడత పడుతుంది.

పౌడర్ కోటింగ్ చూడ్డానికి బాగుంటుంది, 180, 200 డిగ్రీల కొలిమిలో కాల్చిన పూత కాబట్టి గట్టిదే. కానీ రెయిలింగును విప్పి పంపాలి. గీత పడితే ఇంట్లో అతుకు వేసుకునే వీలు లేదు, తుప్పు పూత కిందుగా పాకుతుంది. కొత్త ఇల్లు కడుతున్నవాళ్లకు, ముఖ్యంగా తీరంలో, తయారయ్యాక మొత్తంగా వేడి జింకులో ముంచి తీయించడం అన్నిటికన్నా మేలైన దారి. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం సముద్రపు గాలికి టీ రంగు మరకలు పడుతుంది, 316 అయితే నయం, ధర ఎక్కువ.

రంగు వేశాక ఏటా వానలకు ముందొకసారి, తర్వాతొకసారి కాలు మొదళ్లూ అతుకులూ చూసి, చిన్న పొక్కు ఉండగానే గీకి, ప్రైమర్ చుక్క, రంగు చుక్క పెట్టుకుంటే మొత్తం పని చాలా ఏళ్లు వాయిదా పడుతుంది. అందుకే మిగిలిన ప్రైమరునూ రంగునూ గట్టిగా మూతపెట్టి దాచుకోవాలి. స్లాబులోకి దిగే చోట సీలెంటు పెట్టి, నీరు నిలవకుండా కాస్త వాలు చెయ్యండి. ఈసారి పెయింటరుతో మాట్లాడేటప్పుడు గీకుడుకు విడిగా రోజు కూలి ఒప్పుకోండి, ప్రైమర్ వేసే ముందు మీకు చూపించాలని షరతు పెట్టండి. బేరమాడాలనుకుంటే రంగు కోట్ల కూలి దగ్గర ఆడండి, గీకుడు కూలి దగ్గర వద్దు.